ఏడో నంబరు ఎక్కడ విరిగింది?

పది రోజుల సెలవు తర్వాత ల్యాబుకి వచ్చి ఫ్రిజ్ తలుపు తీస్తే ఏడో నంబరు సీసా కనబడలేదు. ఆరు ఉంది, ఎనిమిది ఉంది, మధ్యలో ఖాళీ. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టేముందు నన్నడగాలన్నది గోడ మీద రాసిన రూలు కాదు గానీ, గోడలకి కూడా తెలిసిన రూలు. నేనిక్కడ టెక్నీషియన్ని. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఈ గదిలో నాకన్నా పాతవి కిటికీ ఊచలూ సింకూ మాత్రమే.

ఎవరినో ఒకరిని దులిపేద్దామని వెనక్కి తిరిగితే, కిటికీ దగ్గర నురగ తన పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుకుంటోంది. ముక్కు ఎర్రగా ఉంది. ఆ ముఖం చూసేసరికి నా కోపం సగం చల్లారింది, మిగతా సగం ఎవరి మీద చూపించాలో తెలియక అలాగే ఉండిపోయింది.

నురగ మా పరిశోధక విద్యార్థిని. వచ్చిన కొత్తలో ఏదో సబ్బు ద్రావణాన్ని గిలకొట్టే మిషనులో పెట్టి, మూత బిగించడం మరిచిపోయి, బల్ల నిండా నేల నిండా నురగ చేసింది. ఆ పేరు నేను పెట్టిందే. కోపంగా పెట్టాను, తర్వాత అదే ముద్దుపేరైపోయింది.

ఆ పిల్ల చేసేవి నిజంగా సబ్బులే. ఒళ్ళు రుద్దుకునేవి కావు గానీ జాతి ఒకటే: ఒక కొసకి నీళ్ళంటే ఇష్టం, ఇంకో కొసకి నూనె అంటే ఇష్టం. మందునో జన్యువునో ఒంట్లోని కణం లోపలికి పంపాలంటే ఊరికే వెళ్ళదు, దారిలోనే పాడైపోతుంది. దాన్ని కొవ్వుతో పొట్లం కట్టాలి. ఆ పొట్లం నీళ్ళలో చెదరకుండా ఉండాలంటే సబ్బు కావాలి. పాత రకం సబ్బులు పొట్లాన్ని బాగానే చేరవేసేవి, కానీ పని అయ్యాక కదిలేవి కావు. పలకరించి పోదామని వచ్చి పక్క వేసుకున్న చుట్టంలా కణంలోనే తిష్ఠ వేసి, చివరికి దాని ప్రాణం తీసేవి. అందుకని నురగ తన సబ్బుల తలల్ని లైసిన్ అనే అమైనో ఆమ్లంతో చేస్తుంది. మనం తిన్న మాంసకృత్తులు అరిగితే వచ్చే సరుకే అది. తోక మామూలు కొవ్వు. తలకీ తోకకీ మధ్య ఒక ముడి. కణం లోపలికి వెళ్ళాక అక్కడి ఎంజైములు ఆ ముడిని తెంపేస్తాయి. తలా తోకా రెండూ కణానికి తిండి అయిపోతాయి.

ఈ సంగతి మొదటిసారి విన్న రోజు ఇంటికెళ్ళి మావారికి చెప్పాను. ఆయన ఆఫీసులో గుమాస్తా. "మా ఫైళ్ళు కట్టే తాళ్ళు కూడా అలా చెయ్యమను, బీరువాలన్నా ఖాళీ అవుతాయి" అన్నారు. నేను మాత్రం ఆ రాత్రి అన్నం తింటూ కూడా దాని గురించే ఆలోచించాను. పొట్లం కట్టిన దారాన్ని కూడా తినెయ్యడం! ఎవరికొస్తుంది అలాంటి ఆలోచన?

మూడేళ్ళలో నురగ అలాంటివి నాలుగు చేసింది, ఐదు నుంచి ఎనిమిది దాకా. అన్నిటిలోకీ ఏడో నంబరంటే దానికి పంచప్రాణాలు. "ఏడు అని పేరు పెడితే ఏడవక ఏం చేస్తుంది" అని పక్క ల్యాబు వాళ్ళు ఆటపట్టించేవారు. ఇప్పుడు ఏడుస్తున్నది ఈ పిల్ల.

ఏమైందో ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఎలుకల మీద పరీక్ష చేసే కేంద్రం వాళ్ళు మా దగ్గర్నుంచి ఒక్క నంబరే తీసుకుంటామన్నారట. గురువారం పదకొండింటికి పెట్టె వెళ్ళాలి. ఏది పంపాలో తేల్చడానికి నిన్న, సోమవారం, ల్యాబు నడిపే పెద్దమేడమ్ మీటింగు పెట్టారు. నా నోటు పుస్తకం తెరిచారు. ఏడో నంబరు వరసలో "వి" అని ఉంది. ఎర్ర పెన్నుతో కొట్టేశారు. పంపేది నాలుగో నంబరు. అది నురగ రాకముందు ఎవరో చేసిన పాత రకం సబ్బు. ఏది పంపితే దాని మీదే ఇక ముందు పని; మిగతావాటి ఫైళ్ళు మూసేస్తారు. అంటే మూడేళ్ళ పని అట్టపెట్టెలోకి, ఈ పిల్ల కొత్త విషయం వెతుక్కోవడంలోకి.

"వి అంటే విరిగింది అనేగా అక్కా?" అంది.

"విరగాల్సిందేగా పిచ్చిమొద్దూ, అందుకేగా చేసింది!" అని, పుస్తకం లాక్కుని, పెద్దమేడమ్ గదికి బయల్దేరాను.

నా పుస్తకం సంగతి కాస్త చెప్పాలి. పన్నెండేళ్ళ కిందట నేనొక పద్ధతి పెట్టాను. గ్లవ్స్ చేతులతో పేజీలు పేజీలు రాయలేం కదా. అందుకని ఒక్కో అక్షరం. పొట్లాలు నీళ్ళలో నిలకడగా ఉంటే "ని". విరిగిన పాలలా తరకలు కడితే "వి". కణాలు చస్తే "చ". పరీక్ష కోసం పొట్లంలో పెట్టే వెలుగు జన్యువు లోపలికి చేరి కణాలు ఆకుపచ్చగా వెలిగితే "వె". అందరూ మెచ్చుకున్నారు, పక్క ల్యాబు వాళ్ళు కాపీ కొట్టారు. నేను గర్వపడ్డాను, ఎందుకు పడకూడదు? మూడేళ్ళ కిందట ఈ ముడి తెగే సబ్బులు వచ్చాయి. కణం లోపల సబ్బు ముక్కలైతే దాన్ని కూడా మేము "విరిగింది" అనే అంటాం, మరేమంటాం? దానికీ "వి" అనే రాశాను. అంటే ఒకే అక్షరానికి రెండు ఉద్యోగాలు. ట్యూబులో విరిగితే దరిద్రం, కణంలో విరిగితే అదృష్టం. ఇన్నాళ్ళూ ఇబ్బంది రాలేదు, ఎందుకంటే పక్కనే సైజు కొలిచే మిషను ఇచ్చిన అంకె ఉండేది. ఆ వారం మిషను రిపేరుకి వెళ్ళింది. కంటితో చూసి రాశాను.

పెద్దమేడమ్ సన్నగా, పొట్టిగా ఉంటారు. గొంతు పెంచడం ఎవరూ వినలేదు. నేను పుస్తకం బల్ల మీద పరిచి, అది చెడ్డ "వి" కాదనీ, కణంలో విరిగిందని రాసిన మంచి "వి" అనీ గడగడా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి నా వైపు చూశారు.

"మీకు బాగా గుర్తుందా?"

"నా చేత్తో నేను రాసింది నాకు గుర్తుండదా మేడమ్?"

అంతే. ఆవిడ ఇంకో ప్రశ్న వెయ్యలేదు. నా మాట మీద అంత గురి. తన ఎర్రగీత మీద ఇంకో గీత కొట్టి, అయితే గురువారం ఏడే వెళ్తుంది, ఈలోపు ఆ "వి" పక్కన వివరంగా ఒక వాక్యం రాసి సంతకం పెట్టండి అన్నారు. బయట కాచుకుని ఉన్న నురగ నన్ను పట్టుకుని ఊపేసింది. నేను కూడా విజయం సాధించినట్టే నడిచాను, నా బల్ల దాకా.

బల్ల దగ్గర కూర్చుని, పెన్ను తీసి, వాక్యం రాద్దామని ఆ పేజీ చూశాను. నాలుగో నంబరు: "ని, వె, చ కొంచెం". ఆరో నంబరు: "ని, చ". ఏడో నంబరు: "వె, వి". అంతే ఉంది. "ని" లేదు. నేను రాసింది మంచి "వి" అయితే "ని" కూడా ఉండాలి కదా? రాయడం మరిచానా? లేక నిలవలేదు కాబట్టే రాయలేదా? ఆ రోజు ఏం చూశానో గుర్తు తెచ్చుకుందామని కళ్ళు మూసుకున్నాను. నాకు గుర్తొచ్చింది ఒక్కటే. ఆ రోజే, సరిగ్గా పుస్తకం రాస్తుండగా, మా చెల్లెలు మెట్ల మీద పడి కాలు విరిగిందని ఫోనొచ్చింది. అందుకే సెలవు పెట్టి పరిగెత్తాను. ఎంత తన్నుకున్నా నా చెవిలో "విరిగింది, విరిగింది" అన్న మా మరిది గొంతు తప్ప, కంటి ముందు ఏ ట్యూబూ కనబడలేదు. ఆ "వి" మా చెల్లెలి కాలిది కాదని కూడా నేను ప్రమాణం చెయ్యలేను.

అప్పుడే లేచి వెళ్ళి, మేడమ్, నోరు జారాను, నాకు గుర్తు లేదు అంటే సరిపోయేది. వెళ్ళలేదు. పరీక్ష చేసి చూస్తే పోలా, అది మంచి "వి" అని తేలితే నేను చెప్పింది నిజమే అవుతుందిగా అనుకున్నాను.

పారేసే వాటి డబ్బాలో ఏడో నంబరు సీసా దొరికింది. అడుగున చిటికెడు పొడి. దానితో పొట్లాలు కట్టి, సగం ట్యూబులో పోసి కిటికీలో పెట్టాను, సగం కణాలకి పట్టించాను. మంగళవారం మధ్యాహ్నం పన్నెండు. నురగ భోజనానికి వెళ్ళింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఎవరికీ చెప్పకుండా పని చేశాను.

బుధవారం పన్నెండింటికి మైక్రోస్కోపులో చూస్తే కణాలన్నీ ఆకుపచ్చగా వెలుగుతున్నాయి, చచ్చినవి వెతికినా కనబడలేదు. వాటిని పిండి, అణువుల్ని తూచే మిషనులో పెడితే ఏడో నంబరు అణువు ఒక్కటి కూడా సాంతంగా లేదు. అన్నీ తలలు వేరు, తోకలు వేరు. చెప్పిన పని చేసి, చెప్పినట్టు మాయమైపోయింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నోట్లో పాట కూడా వచ్చింది. ఆ పాటతోనే కిటికీ దగ్గరికెళ్ళి ట్యూబు వెలుతురుకెత్తి పట్టుకున్నాను.

తెల్లగా తరకలు. విరిగిన పాలే.

మంచి "వి", చెడ్డ "వి" రెండూ నిజమే. కణంలోనూ విరుగుతుంది, ఉత్త నీళ్ళలోనూ విరుగుతుంది. పది రోజుల కిందట నేను ఏది చూసి రాసినా తప్పు రాయలేదు. అది నాకు ఒక్క క్షణం ఊరటగా కూడా అనిపించింది, సిగ్గులేని ప్రాణం కదా! తర్వాత లెక్క తెలిసొచ్చింది. మేము పంపే పెట్టెలో పొట్లాలు నీళ్ళలో కలిపే ఉంటాయి, దారిలో ఒకటిన్నర రోజు. అక్కడ మూత తీసేసరికి తరకలు. పిల్ల మూడేళ్ళ పనికి వచ్చిన ఒక్క అవకాశం, నా మాట మీద, అలా తగలడిపోతుంది. రెండోసారి ఎవరడుగుతారు?

నురగని పిలిచి ట్యూబు చేతిలో పెట్టాను. నిన్న నాకేమీ గుర్తు లేదనీ, ఉందని చెప్పాననీ చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండిటికీ సిద్ధంగానే ఉన్నాను. ఆ పిల్ల ట్యూబుని ఇటు తిప్పి, అటు తిప్పి, నల్ల అట్ట ముందు పెట్టి చూసి, అసలు నా మాట విన్నదో లేదో కూడా తెలియకుండా, "ఎన్ని గంటలకి విరిగింది?" అంది.

అది నాకు తెలియదు. నేను విరిగిందా లేదా అనే చూశాను గానీ ఎప్పుడు అని చూడలేదు. ఏ నీళ్ళు వాడారు అంది. అన్నిటికీ వాడే ఉప్పునీళ్ళే అన్నాను. అవి పుల్లనివా, పులుపు లేనివా? పులుపు లేనివే. అప్పుడు ఒక స్టూలు లాక్కుని కూర్చుని, తనలో తను మాట్లాడుకున్నట్టుగా చెప్పుకుపోయింది. ఎంజైము లేకుండానే ముడి మెల్లగా ఊడుతోంది. తల ఊడితే తోకలకి దిక్కులేదు, ఒకదానికొకటి అతుక్కుని తరకలు కడుతున్నాయి. అంటే ఇవి రెండు రకాల విరగడం కాదు, మొదటిది రెండోదానికి కారణం. మరి ముడి ఊడకుండా ఆపేదేమిటి? కాసేపు గోళ్ళు కొరికింది. అన్నం తిన్నావా అని అడగబోయి మానేశాను.

"పాలయితే పులుపు తగిలితే విరుగుతాయి కదక్కా. ఇది పులుపు తగలక విరుగుతోందేమో."

చూద్దామంటే పొడి లేదు. సీసాలో ఉన్నదంతా నేను ఊడ్చేశాను. కొత్తగా చెయ్యాలంటే మూడు వారాలు పడుతుంది. నురగ లేచి, నిన్న విప్పకుండా వదిలేసిన అట్టపెట్టెలోంచి ఒక చేతిరుమాలు తీసింది. అందులో వేలెడంత సీసా. గుర్తుగా ఉంచుకుందామని తీసుకెళ్తున్నానంది. "ఇదయిపోతే ఇక లేదు" అని, మూత తీసి నాకే ఇచ్చింది.

ఐదు ట్యూబులు పెట్టాం. మొదటిది పులుపు లేనిది, అక్కణ్ణుంచి ఒకదాన్ని మించి ఇంకోటి పులుపు. బుధవారం మూడింటికి కలిపాం. సాయంత్రం ఇంటికి పోతే మావారు ఏదో అడుగుతున్నారు, నేనేదో చెబుతున్నాను, నా ప్రాణం మాత్రం ఆ కిటికీలో ఉంది. నిజం చెప్పొద్దూ, అంత భయంలోనూ రేపేమవుతుందో చూడాలన్న సరదా తగ్గలేదు.

గురువారం తొమ్మిదింటికి ఇద్దరం కాలుగాలిన పిల్లుల్లా వచ్చి పడ్డాం. మొదటి ట్యూబులో అప్పటికే సన్నటి తరకలు. రెండోది మసక. మూడోది కాస్త అనుమానం. నాలుగు, ఐదు మాత్రం కలిపినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే, పల్చటి నీలిరంగు మెరుపుతో తేటగా ఉన్నాయి. నురగ నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది, గోళ్ళు దిగాయి.

ఆ ఐదు ట్యూబులతోనే పెద్దమేడమ్ గదికి వెళ్ళాం. నేనే మొదలుపెట్టాను. మంగళవారం గుర్తుందన్నది అబద్ధమనీ, ఇప్పుడు పెట్టె పంపితే విరిగే చేరుతుందనీ, "వి" అనే అక్షరానికి రెండు పనులు అప్పజెప్పింది నేనేననీ చెప్పాను. ఆవిడ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది.

"గుర్తు లేనప్పుడు లేదని ఎందుకు చెప్పలేదు?"

నురగ చటుక్కున అందుకుంది. "నా కోసం మేడమ్. నేను ఏడుస్తున్నానని చూడలేక అలా అన్నారు."

నేను ఔననలేదు, కాదనలేదు. తల దించుకుని నేల చూశాను. పెద్దమేడమ్ ముఖం కొంచెం మెత్తబడటం తల దించుకునే గమనించాను.

తర్వాత ఆవిడ ట్యూబులు ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టి చూశారు. నాలుగో ట్యూబు దగ్గర ఆగి, ఎంత పులుపు, ఎన్ని గంటలు, అంత పులుపు కణాలు తట్టుకుంటాయా అని నురగని వరసగా అడిగారు. పద్దెనిమిది గంటలు నిలిచిందనీ, తట్టుకుంటాయో లేదో ఇంకా తెలియదనీ, తెలుసుకోవాలంటే కొత్తగా చెయ్యాలనీ ఆ పిల్ల తడబడకుండా చెప్పింది. తెలియనిది తెలియదని ఎంత తేలిగ్గా అనేసింది! నా సగం వయసు కూడా లేదు.

పెద్దమేడమ్ ఫోన్ చేశారు. పది నిమిషాలు మాట్లాడారు. ఈ రోజు నాలుగో నంబరే వెళ్తుంది. దానితో పోల్చి చూడటానికి ఇంకో వరస ఎలుకల్ని మూడు వారాలపాటు ఖాళీగా ఉంచడానికి వాళ్ళు ఒప్పుకున్నారు. మూడు వారాల్లో ఏడో నంబరు పుల్లటి నీళ్ళలో, తరక లేకుండా చేరితే సరే. ఒక్క రోజు ఆలస్యమైనా ఆ వరస ఇంకొకరికి ఇచ్చేస్తారు. చెయ్యడానికి పట్టేదీ సరిగ్గా మూడు వారాలే. ఎక్కడా పొరపాటు పడటానికి వీల్లేదు.

వరండాలోకి వచ్చాక నురగ నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. కళ్ళ నిండా నీళ్ళు.

"నా కోసం అబద్ధం ఆడినవాళ్ళు ఇంతవరకు ఎవరూ లేరక్కా. మా అమ్మ కూడా ఆడదు" అంది.

ఎంత తీపిగా ఉందో ఆ మాట! పుచ్చుకుంటే పోయేదేముంది? పెద్దమేడమ్ నమ్మారు, ఈ పిల్ల నమ్మింది, ఇంకో రెండు రోజులు పోతే నేను కూడా నమ్మేసేదాన్ని. రేపట్నుంచి ఈ పిల్ల పక్కనే నిలబడి, ఒక్క పొరపాటూ లేకుండా మూడు వారాలు పని చెయ్యాలి. నేను చూసింది ఒకటీ చెప్పేది ఒకటీ అయితే ఈ పిల్ల గతేం కాను?

"నీ కోసం కాదమ్మా" అన్నాను. "నాకు గుర్తు లేదని ఒప్పుకోవడానికి నామోషీ వేసింది. అంతే. ఆ నిమిషంలో నువ్వసలు నాకు గుర్తే రాలేదు."

నురగ ముఖంలో ఏదో వెనక్కి వెళ్ళిపోయింది. ఇంత చెప్పాలా, ముసలిదానా, అని నన్ను నేను తిట్టుకున్నాను. అది కళ్ళు తుడుచుకుని, బుధవారం ట్యూబుని చూసినట్టే, అదే చూపుతో నన్ను చూసింది.

"మరి ఇది చెప్తున్నది ఎవరి కోసం?"

ఆలోచించాను. నిజంగా ఆలోచించాను.

"నీ కోసమే అనుకుంటాను," అన్నాను.

నురగ జేబులోంచి గ్లవ్స్ తీసి, ఒక జత నాకిచ్చి, లైసిన్ తూచడానికి ముందు నడిచింది.